మూలికలు బాక్టీరియాను చంపుతాయా? తిరుపతి, చిత్తూరు వైపు నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

నేను తిరుపతిలో సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెబుతాను. పల్లెల నుంచి వచ్చే తల్లిదండ్రులు, ప్రాజెక్టు చేసే పిల్లలు, ఇంటిచుట్టుపక్కల వాళ్ళు అందరూ అటూ ఇటూగా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోట మొదలుపెట్టండి. నేను వైద్యుణ్ణి కాను. రెండు రోజులు దాటిన జ్వరం, చీము, ఆయాసం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఈ పేజీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

## మొదట వచ్చే సందేహాలు

మొక్కల్లో బాక్టీరియాను చంపే గుణం నిజంగా ఉందా, పెద్దవాళ్ళ నమ్మకమేనా?

నిజంగా ఉంది. మొక్క కదలలేదు, దానికి మనలాగా రక్తకణాలూ లేవు. తన మీదికి వచ్చే బాక్టీరియాను, బూజును అది రసాయనాలతోనే ఎదుర్కోవాలి. కరక్కాయలో వగరునిచ్చే టానిన్లు బాక్టీరియా ప్రొటీన్లకు అంటుకుని వాటిని పనిచేయనివ్వవు. లవంగం, తులసి నూనెల్లో ఉండే యూజినాల్ బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది. వెల్లుల్లి నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్ గంధకం ఉన్న ఎంజైముల మీద పడుతుంది. మానుపసుపులోని బెర్బెరిన్ డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఇవన్నీ ల్యాబులో ఎన్నోసార్లు రుజువైన విషయాలే. అయితే గాజుపళ్ళెంలో బాక్టీరియా చావడం ఒకటి, మనిషి ఒంట్లో జబ్బు తగ్గడం ఇంకొకటి. మధ్యలో కడుపు, కాలేయం, రక్తం ఉన్నాయి. మందు అవన్నీ దాటి, సరిపడా మోతాదులో జబ్బు ఉన్నచోటికి చేరాలి.

అంత గుణముంటే మొక్కల నుంచి పెన్సిలిన్ లాంటి మందు ఎందుకు రాలేదు?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. 1928లో పెన్సిలిన్ బూజు నుంచి బయటపడింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఇప్పుడు వాడే యాంటీబయాటిక్కుల్లో ఎక్కువ భాగం పుట్టుక అలాంటిదే. మొక్కల రసాయనాలు ఆ స్థాయికి రాకపోవడానికి కారణాలు కొన్ని తెలుసు. బాక్టీరియా చావాలంటే అవి చాలా ఎక్కువ మోతాదులో ఉండాలి, అంత మోతాదు మన కణాలకూ మంచిది కాదు. కొన్ని నీళ్ళలో కరగవు. పసుపులోని కర్‌క్యుమిన్ మింగినా రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ఇంకో కారణం ఉంది. మొక్క ఒక్క రసాయనాన్ని నమ్ముకుని బతకదు. బెర్బెరిస్ జాతి పొదల్లో బెర్బెరిన్‌తోపాటు 5-ప్రైమ్ మెథాక్సీహైడ్నోకార్పిన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. అది ఒంటరిగా బాక్టీరియాను ఏమీ చేయలేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తన లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను ఒక పంపుతో బయటికి తోసేస్తుంటుంది. రెండో పదార్థం ఆ పంపుని అడ్డుకుంటుంది. ఈ సంగతి 2000లో బయటపడింది. ఒక్కో పదార్థాన్ని విడదీసి పరీక్షిస్తే ఇలాంటి జోడీలు మన కంటికి కనపడకుండా పోతాయి. ఈ దారిలో పరిశోధన ఇంకా చాలా మిగిలి ఉంది.

మలేరియాకు క్వినైన్, ఆర్టెమిసినిన్ మొక్కల నుంచే వచ్చాయి. ఆర్టెమిసినిన్ కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూ 2015లో నోబెల్ అందుకున్నారు. అయితే మలేరియా క్రిమి బాక్టీరియా కాదు.

మన శేషాచలం కొండల్లో మూలికలకి ప్రత్యేకమైన శక్తి ఉందంటారు, నిజమేనా?

ప్రత్యేకమైన మొక్కలు ఉన్న మాట నిజం. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలంలో, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. తెల్ల కరక, మొగి, కొండ సాంబ్రాణి, తంబ జాలారి కూడా ఈ కనుమల్లో మాత్రమే దొరికే చెట్లు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. తెల్ల కరక కాయలు, మొగి ఆకులు, ఎర్రచందనం బెరడు వంటి వాటి సారాలు ల్యాబులో బాక్టీరియా మీద పనిచేసినట్టు పరిశోధనలు ఉన్నాయి. కానీ మామూలు కరక్కాయకి లేని గుణం ఇక్కడి కొండ మీద పెరిగినందుకే వస్తుందనుకోవద్దు. అరుదుగా దొరుకుతుంది కాబట్టి బలమైన మందు అని కూడా అనుకోవద్దు. అరుదైన చెట్టుని మందు కోసం నరికితే మిగిలేది నష్టమే.

## ఆకు కోసేముందు

తలకోన వైపు వెళ్ళినప్పుడు నేనే మూలికలు కోసుకుని తెచ్చుకోవచ్చా?

వద్దు. అక్కడి అడవిలో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం కిందికి వస్తుంది, ఆకు తెంపడం కూడా నేరమే. ఈ కొండల మూలికల గురించి తరతరాలుగా తెలిసినవాళ్ళు యానాదులు. వాళ్ళ జ్ఞానాన్ని వాడుకుని వ్యాపారం చేసేవాళ్ళు లాభంలో వాళ్ళకూ వాటా ఇవ్వాలన్నది 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ఉద్దేశాల్లో ఒకటి. మీ ఇంటి అవసరానికి తులసి, వావిలి, నేలవేము, తిప్పతీగ పెరట్లోనే పెంచుకోవచ్చు. చిత్తూరు ఎర్రనేలలో ఇవి కష్టపడకుండా పెరుగుతాయి. రోడ్డు అంచున, మందు కొట్టిన మామిడి తోట గట్టున ఉన్న మొక్కను మాత్రం ముట్టుకోకండి.

నేల ఉసిరి అని ఒకరు తెచ్చిచ్చారు. అది అదేనో కాదో ఎలా తెలుస్తుంది?

నేల ఉసిరి వంటి మొక్కలు మన చేల గట్ల మీద నాలుగైదు రకాలు కలిసే పెరుగుతాయి. అన్నిటికీ చిన్న ఆకులే, రెమ్మ అడుగున చిన్న కాయలే. ఆకు చూసి తేల్చడం కష్టం. పువ్వు, కాయ, వేరు అన్నీ ఉన్న పూర్తి మొక్కని కాగితాల మధ్య ఒత్తి, వృక్షశాస్త్రం చదివినవాళ్ళకి చూపించండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎండు మొక్కల భాండాగారం ఉంది, పోల్చి చూడటానికి అంతకంటే మంచి చోటు మన దగ్గర లేదు. ఎవరూ గుర్తుపట్టలేకపోతే లోపలికి తీసుకోకండి.

తాజా ఆకు మేలా, ఎండిన పొడి మేలా?

లోపల ఉన్న పదార్థాన్ని బట్టి ఉంటుంది. తులసి, వావిలి, పుదీనా లాంటి వాసన ఉన్న ఆకుల్లో పనిచేసేది ఆవిరయ్యే నూనె. ఎండలో పెడితే, మూత లేకుండా మరిగిస్తే అది పోతుంది. నీడలో ఆరబెట్టండి, మూతపెట్టి కాచండి. కరక్కాయ, తుమ్మ బెరడు లాంటి టానిన్ సరుకు ఎండినా గుణం నిలుస్తుంది. వెల్లుల్లి తీరు వేరు. రెబ్బ నలిగితేనే అందులోని ఎంజైము అల్లిసిన్‌ను తయారుచేస్తుంది. రెబ్బను చిదమకుండా నూనెలో వేయిస్తే ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది, అల్లిసిన్ పుట్టదు. చిదిమి కాసేపు ఉంచి వాడుకోవాలి.

కషాయం ఒకేసారి కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం తాగొచ్చా?

వద్దు, ఏ రోజుది ఆ రోజే. మరిగించినా కొన్ని బాక్టీరియా బీజాలు చావవు. చల్లారాక అవే పెరుగుతాయి. బాక్టీరియాను చంపడానికి కాచిన నీళ్ళే బాక్టీరియాకు ఆహారమవుతాయి.

## ఒంటిపైన వాడేటప్పుడు

దెబ్బ తగిలిన చోట పసుపు అద్దితే సెప్టిక్ కాకుండా ఉంటుందా?

పసుపు ముట్టుకునేముందు చేయవలసిన పని ఇంకొకటుంది. కుళాయి కింద, సబ్బుతో, మట్టి అంతా పోయేదాకా కడగండి. గాయంలో చీము పట్టకుండా కాపాడే పనుల్లో దానికి సాటి లేదు. కర్‌క్యుమిన్ ల్యాబులో స్టెఫైలోకాకస్ మీద పనిచేస్తుంది, కానీ నీళ్ళలో కరగదు కాబట్టి గాయం మీద చల్లిన పొడి లోపలికి దిగేది కొంచెమే.

పొడి విషయంలో నాకు ఇంకో భయం ఉంది. మెరుపు రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ మన దేశంలో ఎన్నోసార్లు బయటపడింది. అది సీసం. పైగా నేల మీద ఆరబెట్టి, మరలో ఆడించి, సంచిలో నిలవ ఉన్న పొడిలో బాక్టీరియా బీజాలుండటం మామూలే. పచ్చిగాయంలో అలాంటిది కూరడం నాకు ఇష్టం ఉండదు.

ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. పసుపు, వేప వాటిని ఆపలేవు. మేకు దిగినా, కొడవలి తెగినా, చివరి టీడీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ రోజే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.

చేలో కోసుకుంటే మా తాత గాయపాకు పసరు పిండేవాడు. అది తప్పా?

తప్పు అనను. గాయపాకు, అంటే గడ్డిచామంతి, గాయం మానడానికి తోడ్పడుతుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. రక్తం ఆగడానికి పసరు పిండే అలవాటు మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. చిన్న గీతకు, కడిగిన ఆకు, కడిగిన చేయి అయితే ఫరవాలేదు. లోతుగా తెగిన గాయానికి, కుక్క కరిచిన చోట, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ పాదం మీద మాత్రం ఏ పసరూ వద్దు. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, వెంటనే రేబిస్ టీకాకు వెళ్ళాలి.

బ్రష్ లేకుండా వేపపుల్ల, కానుగపుల్లతోనే పళ్ళు తోముకుంటే చాలదా?

మూలికలు తమ సత్తా చూపించే చోటు నోరే. మందు కడుపు దాటనక్కర్లేదు, రక్తంలో కలవనక్కర్లేదు. బాక్టీరియా ఉన్నచోటే చిక్కగా తగులుతుంది. త్రిఫల నీళ్ళతో పుక్కిలిస్తే పళ్ళ పాచి, చిగుళ్ళ వాపు తగ్గాయని మనుషుల మీద చేసిన పరీక్షల్లోనే తేలింది. కొన్నిటిలో అది దంతవైద్యులు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్‌కు దీటుగా నిలిచింది. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించే విషయం.

లోటు ఒకటుంది. పుల్లలో ఫ్లోరైడ్ ఉండదు, అది పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. పుల్లని గట్టిగా అడ్డంగా రుద్దితే చిగురు కిందికి జారుతుంది. పుల్ల నమిలి, కుంచెలా మెత్తబడ్డాక నెమ్మదిగా వాడండి. రాత్రికి పేస్టు, పొద్దున పుల్ల అన్నది చక్కటి ఏర్పాటు.

గజ్జికి, తామరకి కుప్పింటాకు ఉప్పుతో నూరి రాస్తే పోతుందా?

గజ్జి తెచ్చేది కంటికి కనపడనంత చిన్న పురుగు. తామర తెచ్చేది బూజు జాతి. రెండూ బాక్టీరియా కావు, కాబట్టి మొక్క బాక్టీరియాను చంపుతుందన్న రుజువు వీటికి వర్తించదు. గజ్జికి ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకుని, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఒక్కరికే రాస్తే తిరిగి వస్తుంది. తామరకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము అన్నిటికంటే ప్రమాదం. రెండు రోజులు దురద తగ్గి, తర్వాత ఒళ్ళంతా పాకుతుంది.

కుప్పింటాకు లోపలికి మాత్రం తీసుకోకండి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవాళ్ళలో అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఆ లోపం ఉన్న పసిబిడ్డలకి గోరింటాకు పెట్టినా అదే ప్రమాదం.

అమ్మవారు పోసినప్పుడు వేపాకు పరుపు మీద వేస్తాం. అది పనిచేస్తుందా?

గంగమ్మ జాతరలో వేపమండ పట్టుకునే ఊరు మనది. వేపాకు మీద ఉన్న భక్తిని నేను గౌరవిస్తాను. ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది. బాక్టీరియాను చంపే ఏ మందూ, అది వేప అయినా యాంటీబయాటిక్ అయినా, ఆ వైరస్‌ను చంపదు. మెత్తటి వేపాకు తగిలితే దురద కొంచెం ఓర్చుకోగలగడం, బిడ్డని విడిగా ఉంచడం మంచిదే. స్నానం మానిపించి, గోళ్ళు పెరగనిస్తే మాత్రం గోకిన పుండ్లలోకి బాక్టీరియా చేరుతుంది. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో స్నానం, కత్తిరించిన గోళ్ళు ఉండాలి. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకండి. పుండ్ల చుట్టూ ఎర్రబడి చీము పట్టినా, బిడ్డ మగతగా ఉన్నా, పెద్దవాళ్ళకో గర్భిణికో ఆటలమ్మ వచ్చినా డాక్టరు చూడాలి.

కళ్ళకలక వస్తే నందివర్ధనం పువ్వు రసం, చనుబాలు వేయొచ్చా?

కంట్లో ఏ పసరూ వేయకండి. శుద్ధి చేయని చుక్క ఒక్కటి చాలు, నల్లగుడ్డు మీద పుండు పడటానికి. ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

చెయ్యి విరిగింది, చర్మం చీలి ఎముక కనపడుతోంది. పుత్తూరు కట్టుకి తీసుకెళ్ళాలా?

ముందు ఆసుపత్రికి. చర్మం చీలిందంటే బాక్టీరియా ఎముక దాకా చేరినట్టే. కొన్ని గంటల్లోనే ఆపరేషన్ థియేటరులో కడగాలి, సూది ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి. గుడ్డుసొన, ఆకు పసరు కలిపిన కట్టు ఆ గాయం మీద వేస్తే చీము లోపలే మూసుకుపోతుంది.

## లోపలికి తీసుకునేటప్పుడు

జ్వరానికి నేలవేము కషాయం తాగితే యాంటీబయాటిక్ అక్కర్లేదా?

నేలవేములోని చేదు ఆండ్రోగ్రఫొలైడ్. బాక్టీరియాను నేరుగా చంపే బలం దానికి తక్కువే. వాపును, ఒంటి స్పందనను తగ్గించడంలో దాని పాత్ర ఎక్కువ. జలుబు, గొంతునొప్పి లాంటి వాటిలో ఉపశమనం కనిపించడం అందువల్లే. ఆ జలుబులు ఎక్కువగా వైరస్‌వి కాబట్టి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు.

టైఫాయిడ్, న్యుమోనియా, టీబీ సంగతి వేరు. టైఫాయిడ్‌ను రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌తో తేల్చుకుని, చెప్పినన్ని రోజులు యాంటీబయాటిక్ వాడాలి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మధ్యలో మానేసి కషాయానికి మారితే ఆ మందులకు లొంగని టీబీ తయారవుతుంది. కషాయం కోసం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దని వేడుకుంటున్నాను. గర్భిణులు నేలవేము తాగకూడదు.

మూత్రంలో మంట. బార్లీ నీళ్ళు, పల్లేరు కాయల కషాయంతో తగ్గుతుందా?

నీళ్ళు ఎక్కువ తాగడం మేలే. కానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఈ.కొలై వల్ల వస్తుంది. దానికి బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది, మొక్కల రసాయనాలు చాలావరకు ఆ పొర దగ్గరే ఆగిపోతాయి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వచ్చాయంటే కిడ్నీ దాకా పాకినట్టు అనుమానించి అదే రోజు వెళ్ళండి. మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కి ఇస్తే ఏ మందుకి లొంగుతుందో తేలుతుంది.

ఈశ్వరి వేరు అన్ని విషాలకూ, జ్వరాలకూ మందంటారు. ఇంట్లో ఉంచుకోవచ్చా?

ఉంచుకోవద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటారంటే ఇదే గుర్తుంచుకోండి. ఈశ్వరి, నల్లేశ్వరి అని పిలిచే తీగలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నష్టం నెలలు, ఏళ్ళ తర్వాత బయటపడుతుంది కాబట్టి ఎవరూ ఆ వేరుని అనుమానించరు. ఆ వేరు సారం ల్యాబులో బాక్టీరియాను చంపిందని చదివితే ఆ గుణాన్ని నమ్మండి, వేరుని మాత్రం మింగకండి. పాము కరిస్తే కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. విరుగుడు సూదిమందు ఒక్కటే కాపాడుతుంది.

డాక్టరిచ్చిన మాత్రలతోపాటు కషాయం తాగితే ఏమవుతుంది?

కొన్నిసార్లు ఏమీ కాదు, కొన్నిసార్లు చాలా అవుతుంది. మిరియాల్లోని పైపరిన్ కొన్ని మందులు రక్తంలో చేరే మోతాదును పెంచుతుంది. జమ్మూలోని సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ ఈ గుణాన్ని పట్టుకునే, రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ తక్కువ మోతాదులో సరిపోయేలా పైపరిన్ కలిపిన టీబీ మందుకి దారి వేసింది. లెక్క కట్టి కలిపితే మేలు, ఇంట్లో చేతికొచ్చినంత కలిపితే కీడు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు పసుపు, వెల్లుల్లి మాత్రలు మింగితే రక్తస్రావం కావచ్చు. చక్కెర జబ్బు మాత్రలతో పాటు చేదు కషాయాలు తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. ఏం తాగుతున్నారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.

యాంటీబయాటిక్కులకి బాక్టీరియా లొంగడం లేదంటున్నారు. ఇక మూలికలే దిక్కా?

ఇప్పటికైతే దిక్కు ఉన్న యాంటీబయాటిక్కులను జాగ్రత్తగా వాడుకోవడమే. అట్టమీద నిలువు ఎర్రగీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని చెప్పడానికే 2016లో దేశవ్యాప్తంగా ప్రచారం మొదలైంది. మూలికలు ఈ పోరులో పాత మందుకి తోడుగా పనికొస్తాయని నా ఆశ. బాక్టీరియా పంపుని మూసే పదార్థం దొరికితే, పనిచేయడం మానేసిన యాంటీబయాటిక్ మళ్ళీ పనిచేయవచ్చు.

## ప్రాజెక్టు చేసే విద్యార్థులకు

నా ఆకు సారానికి జోన్ (పళ్ళెంలో బాక్టీరియా పెరగని వలయం) యాంటీబయాటిక్ కంటే పెద్దగా వచ్చింది. అంతకంటే బలమైనదని రాయొచ్చా?

రాయకూడదు. లెక్క చూడండి. మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల సారం 50 మైక్రోలీటర్లు పోశారనుకుందాం. అంటే 5,000 మైక్రోగ్రాములు. పక్కన పెట్టిన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళలో ఉన్నది 10 మైక్రోగ్రాములు. మీరు ఐదు వందల రెట్లు ఎక్కువ పోసి పోలుస్తున్నారు. పైగా జోన్ పరిమాణం, ఆ పదార్థం పళ్ళెంలో పోసే జెల్లీ అయిన అగార్‌లో ఎంత దూరం పాకగలదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. పెద్ద అణువులైన టానిన్లు, నీళ్ళలో కలవని నూనెలు పాకలేవు. వాటికి చిన్న జోన్ వచ్చినా బలహీనమని అర్థం కాదు.

సారం కరిగించిన ద్రావకం, అది మిథనాల్ అయినా డీఎంఎస్ఓ అయినా, ఒంటరిగా ఇంకో గుంటలో పోసి చూపించకపోతే మీ ఫలితం ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా.

మరి బలం ఎలా కొలవాలి?

ఎంఐసీతో. బాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మోతాదు అది. ద్రవ మాధ్యమంలో సగం సగం పలచన చేస్తూ పోవాలి. ముడి సారం మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తే చెప్పుకోదగ్గదే. మిల్లీగ్రాముల్లో వస్తే నిజాయతీగా బలహీనమనే రాయండి, అదీ ఫలితమే. చంపిందా, పెరుగుదలని ఆపిందా అన్నది తేల్చాలంటే ఆ గొట్టంలోంచి తీసి మందు లేని పళ్ళెం మీద పరిచి చూడాలి. ఒక గ్రామ్ పాజిటివ్ (బయటి అదనపు పొర లేని), ఒక గ్రామ్ నెగటివ్ (ఈ.కొలై లాగా ఆ పొర ఉన్న) రకం బాక్టీరియా తప్పకుండా ఉండాలి.

ల్యాబు జాగ్రత్తలేమిటి? ఆసుపత్రి నుంచి బాక్టీరియా తెచ్చుకుని చేయొచ్చా?

డిగ్రీ ల్యాబులో రోగుల నుంచి తీసిన బాక్టీరియా వద్దు. వాటిలో చాలా మందులకు లొంగనివి ఉంటాయి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం నుంచి గుర్తింపు సంఖ్యతో వచ్చే రకాలు కళాశాల ద్వారా తెప్పించుకోండి, మీ ఫలితాన్ని ఇంకొకరు సరిచూడటానికీ అదే దారి. మొక్క నమూనా ఒకటి ఒత్తి, భాండాగారంలో సంఖ్య వేయించి, ఆ సంఖ్య రిపోర్టులో రాయండి. పని అయ్యాక పళ్ళేలన్నీ ఆటోక్లేవులో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్రలో) 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఉంచాకే పారేయాలి.